వల వెనక పెద్దమనిషి

సెన్‌దాయ్,
డిసెంబరు

తమ్ముడు ఒసనాయికి,

ఉత్తరం మొదట్లో చలి గురించి నాలుగు మాటలు రాయడం మన మర్యాద. చలంతా మీ ఊళ్ళోనే ఉంది కాబట్టి ఆ నాలుగు మాటలూ నువ్వే రాసుకో. నేను అసలు విషయానికి వస్తాను.

నీ దగ్గర బడి జట్టులో ఆట నేర్చుకునే షిరాతో హయతెని చూసి వచ్చి వారమైంది. ఆ బంతి చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బేస్‌బాల్ క్లబ్బుకి కుర్రాళ్ళని వెతికిపెట్టే స్కౌటునన్న పేరుతో ఇన్నేళ్ళూ బడి మైదానాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. గట్టిగా వేసేవాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను. కానీ పదిహేడేళ్ళ ఎడమచేతి వాటం కుర్రాడు, బయట మంచు కురుస్తుంటే, దోసపాదులకి వేసే ప్లాస్టిక్ పందిరి కింద నిలబడి అంత ఒడుపుగా బంతి వేయడం ఎక్కడా చూడలేదు. భుజం ఎక్కడా బిగుసుకోదు. బంతి చేతిని వదిలేదాకా ఎటు వస్తుందో తెలియదు. కంపెనీ జట్టులో నువ్వు వేసిన బంతులన్నీ పట్టిన చేతులివి. వాడు నీకంటే బాగా వేస్తున్నాడు. ఉడుక్కోకు.

మా ఆఫీసులో నెగోరో అని కొత్త మేనేజరు వచ్చాడు. మీసాలు కూడా సరిగా రాలేదు. "వీడియో తెప్పించుకుంటే పోయేదానికి ఈ రైళ్ళెందుకు తొకురా గారూ?" అంటాడు. మాలాంటి ముసలివాళ్ళకి ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు. వచ్చే అక్టోబరులో క్లబ్బులన్నీ కూర్చుని తాము తీసుకునే కుర్రాళ్ళ పేర్లు పిలిచేటప్పుడు, నేను చూపించిన పేరు ఒక్కటైనా వినపడకపోతే ఇంటికి పొమ్మంటారు. పోతాను. అలసిపోయాను కూడా. కానీ ఈ కుర్రాడి పేరు పిలిపించి పోవాలని ఉంది.

నియమం నీకు తెలిసిందే. క్లబ్బు మనిషి బడి కుర్రాడితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట్లాడితే వాడి ఆట ఆగిపోతుంది. నోరు కట్టేసినప్పుడు కాళ్ళతోనే మాట్లాడాలి. ఎన్నిసార్లు వస్తే మనకి వాడంటే అంత ఇష్టమున్నట్టు. అందుకని మంచైనా వానైనా వస్తూనే ఉంటాను. వల వెనక నిలబడతాను. నేను వచ్చానని వాడికి తెలిస్తే చాలు.

తొకురా


తొమరి, ముత్సు తీరం,
జనవరి

తొకురా అన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా కుర్రాడి గురించి మీరు రాసిన మాటలు వాడికి చదివి వినిపించాలనిపించింది. నియమం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక్కడ సముద్రం మీది గాలి ఎదురు తిరిగింది. ఏ రైలు ఏ పూట వస్తుందో స్టేషను మాస్టరుకే తెలియడం లేదు. మొన్న మీరు మెట్లు దిగుతూ మోకాలు పట్టుకోవడం చూశాను. ఆ మోకాలితో మీరు ఇంత దూరం వస్తుంటే మాకే తలవంపులుగా ఉంది. శీతాకాలంలో ఇక్కడ చూడదగ్గది కూడా ఏమీ ఉండదు. కుర్రాళ్ళచేత పరుగులు పెట్టిస్తాం, పందిరి మీద పడిన మంచు ఊడ్పిస్తాం, అంతే. చెర్రీలు పూసే రోజుల్లో అయితే మా ఊరు కూడా ఒక మాదిరిగా బాగుంటుంది.

వచ్చే ఏడాది మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారు. ఇదే మా ఆఖరి జట్టు. దాంతో హయతె మీద ఊరంతా ఆశ పెట్టుకుంది. మీరు వల వెనక నిలబడ్డారన్న సంగతి ఆ సాయంత్రానికే చేపల రేవంతా పాకిపోయింది.

మీరెప్పుడు వచ్చినా మాకు పండగే. ఆరోగ్యం చూసుకోండి.

ఒసనాయి


అఒమొరి, స్టేషను ఎదుటి సత్రం,
ఫిబ్రవరి

తమ్ముడూ,

తడిసిన మేజోళ్ళు హీటరు మీద ఆరేసి ఇది రాస్తున్నాను. గది నిండా ఆ వాసనే. తిరుగు రైలు రేపు ఉదయం దాకా లేదట.

నా మోకాలి గురించి నువ్వు అంత బెంగ పెట్టుకోకు. మంచులో వచ్చానంటే నాకు ఎంత ఇష్టమో వాడికి తెలియాలనే వచ్చాను. ఎండాకాలంలో ఎవడైనా వస్తాడు. నన్ను చూడగానే వాడు పార పక్కన పడేసి, ఒళ్ళు వేడెక్కించుకుని, పందిరిలోకి వెళ్ళిపోయాడు. నేను అడిగానా? లేదు. నువ్వు చెప్పావా? నువ్వూ చెప్పలేదు. పెద్దమనిషి వచ్చాడని వాడే అర్థం చేసుకున్నాడు. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరికుంది? ఆ వంపు తిరిగే బంతి చూసి నాకు ఆయాసం వచ్చింది.

ఒక్క విషయం చూసి నవ్వుకున్నాను. బంతులయ్యాక మీరంతా పొయ్యి చుట్టూ కూర్చుని టీ తాగుతుంటే వాడు కప్పు కుడిచేత్తో పట్టుకున్నాడు. వాళ్ళ బామ్మ పనే అయి ఉంటుంది. మన చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటే చేతి మీద ఒకటి వేసేవాళ్ళు కదా. బంతి మాత్రం ఎడమచేతికి వదిలేశారు, ఆ బామ్మకి దణ్ణం పెట్టాలి.

ఏప్రిల్లో మళ్ళీ వస్తాను. నా కోసం వేయించిన ఆల్చిప్పలూ అవీ ఏర్పాటు చెయ్యకు. నిలబడటానికి చోటుంటే చాలు.

తొకురా


తొమరి,
ఏప్రిల్

తొకురా అన్నగారికి,

ఫిబ్రవరిలో మీరు పడిన శ్రమకి కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఏప్రిల్లో వస్తానన్నారు. బడి తెరిచిన కొత్తలో పనులు ఎక్కువ. మైదానం ఇంకా బురదగానే ఉంది. హయతెకి జలుబు చేసింది. వానలు వెళ్ళాక అయితే మీకు వీలుగా ఉంటుందేమోనని నా ఉద్దేశం. ఇది కేవలం నా ఉద్దేశం. మీ వీలే ముఖ్యం.

చెర్రీలు ఈసారి ఆలస్యం.

ఒసనాయి


సెన్‌దాయ్,
మే

ఒసనాయికి,

జలుబు చేసిందంటే పరామర్శకి వెళ్ళడం మన పద్ధతి. అందుకే వచ్చాను. నన్ను గేటు దగ్గర చూడగానే నీ మొహం పాలిపోయింది. అది నా గురించిన కంగారనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. వాడు వేశాడు. కానీ బంతి పైకి పోతోంది. మోచెయ్యి కిందికి జారింది. వేసిన ప్రతిసారీ ఎడమ చెయ్యి ఒకసారి విదిలించుకుంటున్నాడు. తర్వాత నేను స్టేషనులో రైలు కోసం కూర్చుంటే వాడు ఎదుటి ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. నన్ను చూసి వంగి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఇద్దరం నోళ్ళు మూసుకుని పట్టాలకి అటూ ఇటూ కూర్చున్నాం. సంచి కుడి భుజానికి వేసుకున్నాడు, టికెట్టు కుడిచేత్తో తీశాడు, మొహాన పడ్డ జుట్టు కుడిచేత్తోనే తోసుకున్నాడు. అన్నం తినడానికి బామ్మ చెయ్యి మార్పించి ఉండొచ్చు. జుట్టు తోసుకోవడానికి ఏ బామ్మ నేర్పుతుంది?

వాడిని అడిగే హక్కు నాకు లేదు. నిన్ను అడుగుతున్నాను. వాడి చెయ్యి బాగుందా? రైళ్ళు, పూలు, నా మోకాలు వద్దు. ముక్కుసూటిగా రాయి.

తొకురా


తొమరి,
మే

అన్నా,

బాగాలేదు.

జనవరిలోనే మొదలైంది. వాళ్ళమ్మ ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు నుంచి తడి చేతులతోనే బడికి వచ్చింది. "సారూ, మావాడు నాలుగు రోజుల్నించీ తల కుడిచేత్తో దువ్వుకుంటున్నాడు. ఏంట్రా అంటే ఊరికే అంటాడు. నాకు చెప్పడు, మీరన్నా అడగండి" అంది. అఒమొరి తీసుకెళ్ళి చూపించాను. మోచేతి లోపల లిగమెంటు కొంచెం చిరిగిందట. ఆరు నెలలు బంతి ముట్టకపోతే అతుక్కుంటుంది, ముట్టాడంటే కోయాలి అన్నాడు డాక్టరు. హయతె సరేనన్నాడు. నిజంగానే మానేశాడు. మంచు ఊడ్చాడు, పరుగెత్తాడు, చిన్నవాళ్ళకి బంతులు అందించాడు.

ఫిబ్రవరిలో మీరు వచ్చారు. టోపీ తీసి వల వెనక నుంచి వంగి నమస్కారం పెట్టారు. వాడు నా వైపు చూశాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాలి. ఊపలేదు. "అంత దూరం నుంచి, ఈ మంచులో వచ్చారు సార్. ఊరికే పంపిస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది అన్నా. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపినట్టు అనిపించింది.

వేరే క్లబ్బుల స్కౌట్లు కూడా వచ్చారు. వాళ్ళకి జ్వరమని చెప్పి గేటు దగ్గర్నుంచే పంపేశాను. ఆ అబద్ధం ఆడటం కష్టం కాలేదు. వాళ్ళు నాకు అన్నలు కారు కదా. మీతో రావద్దు అనే మాట నా నోట ఎలా వస్తుంది? నేను మీకంటే చిన్నవాణ్ణి, మీ గ్లవ్ చూసుకుంటూ బంతులు వేసినవాణ్ణి. అందుకని రైళ్ళన్నాను, మోకాలన్నాను, జలుబన్నాను. నా ప్రతి ఉత్తరంలోనూ రావద్దనే రాశాను. ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. అది మీ మీద ప్రేమనుకుని మీరు ప్రతిసారీ వచ్చారు. అది ప్రేమే. దానివల్లే ఈ పని జరిగింది.

ఇది కూడా మీకు తెలియాలి. మీరు రాని రోజుల్లో వాడు ఒక్క బంతి కూడా వేయలేదు. ఈ ఏడాది వాడు వేసిన బంతులన్నీ మీరు చూసినవే.

ఇప్పుడు నేను అడగబోయేది తప్పని తెలుసు, అయినా అడుగుతాను. మీ ఆఫీసులో చెప్పకండి. పోటీల్లో వాడిని ఏదో ఒక వంకతో కూర్చోబెడతాను. డిసెంబరులో మీరు చూసిన ఆ చెయ్యి చాలు కదా పేరు పిలిపించడానికి. పిలిస్తే వాడికీ జీవితం, వాళ్ళమ్మకీ ఆ షెడ్డు తప్పుతుంది, మీ ఉద్యోగమూ నిలుస్తుంది. క్లబ్బులో పెద్ద డాక్టర్లుంటారు, వాళ్ళే చూసుకుంటారు.

ఒసనాయి


సెన్‌దాయ్,
జూన్

ఒసనాయీ,

మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ఎంత గుడ్డివాణ్ణి. కుర్రాడి భుజం ఎప్పుడు కదులుతుందో చెప్పడానికి నాకు జీతమిస్తారు. నా తమ్ముడు వద్దురా బాబూ అని మొత్తుకుంటుంటే, ఆహా ఎంత అభిమానమోనని మురిసిపోయాను.

నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులుంది. తర్వాత నీ స్థానంలో నన్ను నిలబెట్టి చూసుకున్నాను. నేను కూడా రైళ్ళ గురించే రాసి ఉండేవాణ్ణి.

నువ్వు అడిగినది ఆలోచించలేదని అనుకోకు. రైల్లో ఆలోచించాను, స్నానాల తొట్టిలో ఆలోచించాను. నోరు మూసుకుంటే చాలు, అక్టోబరులో వాడి పేరు పిలుస్తారు. నాకు ఇంకో ఏడాది దొరుకుతుంది. అందరికీ లాభమే. కానీ ఫిబ్రవరిలో క్లబ్బు శిక్షణ మొదలవుతుంది. వల వెనక నేనొక్కణ్ణి నిలబడితేనే కాదనలేకపోయాడు. అక్కడ కోచ్‌లు, మేనేజర్లు, పేరున్న పాత ఆటగాళ్ళు వరసగా నిలబడతారు. అంతమంది పెద్దమనుషులు ఎదురుగా ఉంటే, చెయ్యి నొప్పిగా ఉంది వెయ్యనని ఆ కుర్రాడు అంటాడా? మోచెయ్యి ఊడి వచ్చేదాకా వేస్తాడు. డాక్టర్లు ఆ తర్వాత చూస్తారు.

అందుకని నెగోరోకి చెప్పేశాను. మోచెయ్యి దెబ్బతిన్నది, మన పట్టికలోంచి తీసేయండి అన్నాను. "మరి ఈ ఏడాది మీ వైపు నుంచి ఇంకెవరూ లేరు కదా?" అన్నాడు. లేరన్నాను. ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఒక క్లబ్బు వదిలేసిందంటే మిగతావాళ్ళకి తెలియడానికి వారం పట్టదు. ఇక ఎవరూ రారు. నువ్వు గేటు దగ్గర అబద్ధాలు చెప్పక్కర్లేదు.

వేసవి పోటీల్లో వాడిని బంతి వేసే దిబ్బ ఎక్కనివ్వకు. ఆఖరి జట్టైనా, ఊరంతా నీ మీద ఉమ్మేసినా సరే. వాడికి అంతా చెప్పు, పేరు తీయించింది నేనేనని కూడా చెప్పు. ఆ మాట నేనే చెప్పాలి, కానీ చెప్పకూడదు కదా. నేనింక రాను.

తొకురా


తొమరి,
ఆగస్టు

అన్నా,

ఓడిపోయాం. మొదటి ఆటలోనే. చిన్నవాడొకడు వేశాడు, వాడు ఏడుస్తూనే వేశాడు. హయతె మొదటి బేసు పక్కన నిలబడి పరుగెత్తేవాళ్ళకి కేకలు వేశాడు. ఆ కేకలు మాత్రం బాగా వేశాడు.

రేవులో నాతో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. చేపలు వేలం వేసే ముసలాయన మాత్రం మొహం మీదే అన్నాడు. "వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఏడ్చారు సారూ. ఉన్న ఒక్క మొనగాడినీ కూర్చోబెట్టి ఆఖరి బడిని ఓడగొట్టారు." నేను చేపలు కొనుక్కుని వచ్చేశాను. మంచి చేపలే ఇచ్చాడు.

మీరు చెప్పమన్నదంతా వాడికి జూన్‌లోనే చెప్పాను. బ్యాటు తుడుస్తూ విన్నాడు. "ఆయనకి నేను నచ్చలేదా సార్?" అన్నాడు. నచ్చినందుకే అన్నాను. నమ్మలేదు. "నచ్చితే వచ్చి చెప్పొచ్చు కదా." చెప్పకూడదురా, నియమం అన్నాను. "మరి పేరు కొట్టేయడానికి నియమం అడ్డం రాలేదే" అన్నాడు. ఆ తర్వాత నెలపాటు నాతో అవును, కాదు తప్ప మాట్లాడలేదు.

కానీ అన్నా, రోజూ సాయంత్రం మైదానం చదును చేసేటప్పుడు వాడు వల వెనక చోటు కూడా చదును చేస్తున్నాడు. అక్కడ ఎవరూ ఆడరు. మీకు రాయకుండా ఉందామనుకున్నాను, రాసేశాను.

బంతి మాత్రం ముట్టలేదు.

ఒసనాయి


సెన్‌దాయ్,
అక్టోబరు చివర

తమ్ముడూ,

పేర్లు పిలవడం అయిపోయింది. ఇంట్లో రేడియో పెట్టుకుని విన్నాను. ఏదో అద్భుతం జరుగుతుందని కాదు. అలవాటు. మన కుర్రాడి పేరు రాలేదు. రేడియో కట్టేసి నూడుల్స్ ఉడకబెట్టుకున్నాను. ఈ వయసులో ఏడుపేమిటనుకుంటావు. వచ్చింది, ఏడ్చాను.

మర్నాడు నెగోరో పిలిచి టీ ఇచ్చాడు. టీ ఇచ్చాడంటేనే తెలిసిపోయింది. ఉద్యోగం అయిపోయింది. పొద్దున్నే లేచి ఎక్కడి రైలు అని ఆలోచించి, ఎక్కడికీ కాదని గుర్తొచ్చి మళ్ళీ పడుకుంటున్నాను. నిద్ర మాత్రం ఎంత పడుకున్నా తీరడం లేదు.

ఇప్పుడు నేను ఏ క్లబ్బు మనిషినీ కాను. మాజీలకి కూడా ఆ నియమం ఉందంటారు. మాట్లాడను. వచ్చే నెలలో ఓసారి మీ ఊరు రావాలని ఉంది. దూరంగా, రోడ్డు మీదే నిలబడతాను. వాడు మైదానం చదును చేస్తుంటే ఒకసారి చూసి వెళ్ళిపోతాను. ఒక్కసారి. వాళ్ళమ్మని కూడా చూడాలని ఉంది. ఏమంటావు?

తొకురా


తొమరి,
నవంబరు

అన్నా,

మీ ఉత్తరం వచ్చిన రోజే హయతె వాళ్ళమ్మ షెడ్డుకి వెళ్ళి మీరు రావాలనుకుంటున్నారని చెప్పాను. ఆమె కత్తి కింద పెట్టి, "రమ్మనండి సారూ. మావాడి చెయ్యి మిగిల్చిన మనిషి. ఇంత అన్నం పెట్టనా?" అంది. ఆ మాట మీకు చేరవెయ్యాలి కాబట్టి రాస్తున్నాను.

హచినొహెలో చేపలు డబ్బాల్లో పెట్టే ఒక చిన్న కంపెనీ వాళ్ళకి బేస్‌బాల్ జట్టుంది. వాడిని తీసుకుంటామన్నారు. ఏడాది దాకా బంతి వేయకపోయినా పరవాలేదు, ముందు డబ్బాలు మొయ్యమన్నారు. కుడిచేత్తో మోస్తానన్నాడు వాడు.

డాక్టరు మొన్న మళ్ళీ చూశాడు. అతుక్కుందట. రోజూ కొన్ని బంతులు, మెల్లగా వెయ్యొచ్చన్నాడు. మెల్లగా అన్న మాట రెండుసార్లు చెప్పాడు. నిన్న మైదానంలో ఎవరూ లేరు. నేను గ్లవ్ తొడుక్కుని కూర్చున్నాను. చిన్నపిల్లలకి వేసినట్టు వేశాడు. నొప్పి లేదన్నాడు. నా చేతిలో బంతి పడుతుంటే మీకెలా ఉండేదో మొదటిసారి తెలిసింది.

అయ్యాక గ్లవ్ తీసుకుంటూ అడిగాడు. "సార్, తొకురా గారు వస్తున్నారని అమ్మ చెప్పింది. నిజమేనా?"

"వస్తే వేస్తావా?" అన్నాను.

"వేస్తాను సార్. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా వేస్తాను."

మీరు రావద్దు అన్నా.

ఒసనాయి